మంచం పక్క పనికి కూడా అప్రెంటిస్‌షిప్ పెట్టండి, మంత్రిగారూ

తెలంగాణ కార్మిక, ఉపాధి, శిక్షణ శాఖల మంత్రి గారికి,

నమస్కారం.

నేను ప్రభుత్వాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. ఆ తర్వాత కొన్నేళ్లు ఒక శిక్షణ కేంద్రంలో పాఠాలు చెప్పాను. ఇళ్లలో వృద్ధుల్ని, పక్షవాతం వచ్చినవాళ్లని, మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లని చూసుకునే అటెండెంట్లను తయారుచేసే కేంద్రం అది. అక్కడ నేర్చుకునే పిల్లలకి అప్రెంటిస్‌షిప్, అంటే అనుభవం ఉన్నవాళ్ల వెంట పనిచేస్తూ, స్టైపెండ్ తీసుకుంటూ నేర్చుకునే ఏర్పాటు, పెట్టమని వాళ్ల తరఫున ఈ ఉత్తరం రాస్తున్నాను. వాళ్లు చూసుకునే పెద్దల తరఫున కూడా అనుకోండి. నా వయసుకి ఆ పక్షంలో చేరడానికి ఎంతో కాలం పట్టదు.

హైదరాబాదులో ఈ పని ఎలా నడుస్తుందో మీకు తెలియంది కాదు. పెద్దాయనకు స్ట్రోక్ వస్తుంది. పది పదిహేను రోజులకు ఆస్పత్రివాళ్లు డిశ్చార్జి చేస్తారు. ముక్కులో ఆహారం పోసే రైల్స్ ట్యూబు, మంచానికి వేలాడే యూరిన్ బ్యాగు, ఒక సంచీడు మందులు. కొడుకు డాలస్‌లో, కూతురు బెంగళూరులో. ఇంట్లో ఉన్నది డెబ్బై దాటిన భార్య. ఎవరో ఇచ్చిన నంబరుకి ఫోన్ చేస్తే ఏజెన్సీవాళ్లు సాయంత్రానికల్లా ఒక అమ్మాయిని పంపిస్తారు. పన్నెండు గంటల డ్యూటీకి ఒక రేటు, ఇరవై నాలుగు గంటల డ్యూటీకి ఇంకో రేటు. "ఇంతకుముందు పేషెంట్లని చూశావా అమ్మా?" అని అడిగితే "చూశానండీ" అంటుంది. అక్కడితో ఇంటర్వ్యూ అయిపోయింది. ఆ రాత్రి నుంచి ఆ ప్రాణం ఆమె చేతిలో ఉంటుంది.

ఆ అమ్మాయికి ఏం రావాలో చెప్తాను. కదల్లేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి. తిప్పేటప్పుడు లాగకూడదు, చర్మం ఒరుసుకుపోతుంది. నడుము కింద ఎముక దగ్గర, తుంటి మీద, మడమల దగ్గర ఎరుపు కనిపిస్తే, వేలితో నొక్కినా ఆ ఎరుపు పోకపోతే, పుండు మొదలైనట్టే. ఆ పూటే ఎవరికైనా చెప్పాలి. ట్యూబులో ఆహారం పోసేముందు తల వైపు ఎత్తు చేయాలి, పోశాక అరగంటైనా పడుకోబెట్టకూడదు. నోటితో తినే మనిషైతే మింగాక గొంతు తడితడిగా గరగరమంటోందేమో వినాలి. అలా ఉంటే ముద్ద దారి తప్పి ఊపిరితిత్తుల వైపు వెళ్తోందని అనుమానించాలి. యూరిన్ బ్యాగును ఎప్పుడూ మూత్రాశయం కంటే కిందే ఉంచాలి. చాలా ఇళ్లలో మనిషిని వీల్‌చైర్‌లోకి మార్చేటప్పుడు ఆ సంచీని ఒళ్లో పెడతారు, లోపలికి వెనక్కి పోయిన మూత్రంతో వారంలో జ్వరం. షుగర్ ఉన్న పేషెంటు చెమటలు పట్టి తికమకగా మాట్లాడితే "పెద్దతనం కదా" అని ఊరుకోకుండా వేలికి సూది గుచ్చి చూడాలి.

ఇంత పని పెట్టుకుని ఆ అమ్మాయి తన నడుము కూడా కాపాడుకోవాలి. ఎనభై కిలోల మనిషిని ఒక్కతే ఎత్తి కూర్చోబెట్టి, ముప్పై అయిదేళ్లకే డిస్క్ జారి ఈ పని మానేసినవాళ్లు నాకు చాలామంది తెలుసు. వాళ్లకి ఎవరూ పైసా ఇవ్వలేదు.

ఇవన్నీ మేం నేర్పలేదా అంటే, నేర్పాం. బొమ్మ మీద నేర్పాం. 2015లో కేంద్రం నైపుణ్య శిక్షణ పథకం ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన వచ్చాక, రోగుల్ని చూసుకోవడం నేర్పే జనరల్ డ్యూటీ అసిస్టెంట్, హోమ్ హెల్త్ ఎయిడ్ అని కోర్సులు పెరిగాయి. కొవిడ్ రెండో వేవ్ తర్వాత 2021 జూన్‌లో కేంద్రం లక్ష మందికని క్రాష్ కోర్సులు మొదలుపెట్టింది, అందులో హోమ్ కేర్ సపోర్ట్ కూడా ఒకటి. కోర్సు చివర ఒక రోజు పరీక్ష పెట్టే అసెస్సర్ వస్తారు. పిల్లలు యూనిఫాం ఇస్త్రీ చేసుకుని వచ్చి బొమ్మకి స్పాంజ్ బాత్ చేస్తారు. సర్టిఫికెట్ వస్తుంది. ఈ కోర్సులు వద్దని నేను అనను, ఆ సర్టిఫికెట్‌తో చాలామందికి పని దొరికింది. కానీ బొమ్మ కొట్టదు, ఏడవదు, "నా బట్టలు ముట్టుకోకు" అని అరవదు.

ఒకసారి క్లాసులో కేథెటర్ (మూత్రం గొట్టం) చుట్టూ ఎలా శుభ్రం చేయాలో చెప్తుంటే వెనక బెంచీలో ఒక పిల్ల లేచింది. "మేడమ్, తాతగారు స్నానం వద్దంటే ఏం చెయ్యాలి?" అని అడిగింది. నేను పుస్తకంలో ఉన్న జవాబు చెప్పాను: ఓపికగా నచ్చజెప్పాలి, బలవంతం చేయకూడదు. "నాలుగు రోజులూ వద్దంటే?" అంది. క్లాసంతా నవ్వింది. నిజానికి ఆ వారమంతటిలో నన్నెవరైనా అడిగిన అసలు ప్రశ్న అదే. దానికి జవాబు బోర్డు మీద రాసేది కాదు. పదేళ్లు చేసిన ఆవిడ ఎలా మాట మార్చి, ముందు కాళ్లు కడిగి, తువ్వాలు కప్పి, ఆయన ఉద్యోగం రోజుల కబుర్లలో పెట్టి పని కానిస్తుందో పక్కన నిలబడి చూడాలి. ఎప్పుడు ఇవాళ్టికి వదిలేద్దాం అనుకుంటుందో అదీ చూడాలి. మంగళవాద్యం నేర్చుకునే పిల్లాడు గురువు పక్కన కూర్చుని శ్రుతి పట్టినట్టే ఈ పనీ పట్టుబడుతుంది.

అందుకే అప్రెంటిస్‌షిప్ అంటున్నాను. దానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు. 1961 నాటి అప్రెంటిసెస్ చట్టం ఉంది. 30 మంది, అంతకు పైన సిబ్బంది ఉన్న ప్రతి సంస్థా తన సిబ్బందిలో రెండున్నర నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలని నిబంధన. 2016లో వచ్చిన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద స్టైపెండ్‌లో పాతిక శాతం, నెలకు 1,500 రూపాయలు మించకుండా, కేంద్రమే భరిస్తుంది. ఫ్యాక్టరీలో ఫిట్టరుకి, హోటల్లో కుక్కుకి ఇది అందుతోంది. వృద్ధుల దగ్గర పనిచేసే పిల్లకి ఎందుకు అందదు?

నాకు అర్థమైన కారణం ఇది. చట్టం సంస్థను చూస్తుంది, ఈ పని ఇంట్లో జరుగుతుంది. ఇల్లు సంస్థ కాదు. మధ్యలో ఉన్న ఏజెన్సీ, తాను మనిషిని చూపించానే తప్ప ఉద్యోగం ఇవ్వలేదంటుంది. కమిషన్ తీసుకునేటప్పుడు యజమాని, జవాబు చెప్పాల్సినప్పుడు మధ్యవర్తి. అటెండెంట్లు దాని జాబితాలో సిబ్బందిగా లెక్కకు రారు కాబట్టి 30 మంది నిబంధన దాన్ని తాకదు. ఈ ముడి విప్పగలిగింది మీ శాఖే. నర్సింగ్ బ్యూరోలు, హోమ్ కేర్ ఏజెన్సీలు అన్నీ మీ దగ్గర రిజిస్టర్ కావాలని, తాము పంపే మనిషికి తామే యజమానులని రాసివ్వాలని ఒక ఉత్తర్వు తెండి. మిగతాది దాని వెనకే వస్తుంది.

ఇంకొక జాగ్రత్త కూడా చెప్పాలి. ఆ చట్టంలోని 18వ సెక్షన్ ప్రకారం అప్రెంటిస్ శిక్షణలో ఉన్న మనిషే తప్ప కార్మికుడు కాదు. దీన్ని అడ్డం పెట్టుకుని ఏజెన్సీలు చవగ్గా మనుషుల్ని తెచ్చుకునే ప్రమాదం ఉంది. అందుకని మొదటి ఏడాది అప్రెంటిస్‌ని ఒక్కదాన్నే ఏ ఇంటికీ పంపకూడదనీ, ఇరవై నాలుగు గంటల డ్యూటీ అసలే వేయకూడదనీ ఒప్పందంలోనే రాయించండి. ఇళ్లలో ఒంటరిగా ఉండే ఆడపిల్లలకు ఎదురయ్యేవి మీకు విడమరచి చెప్పక్కర్లేదు. 2013 నాటి లైంగిక వేధింపుల చట్టం ప్రకారం ఇల్లు కూడా పనిచోటే, ఫిర్యాదు తీసుకోవడానికి జిల్లాకో స్థానిక కమిటీ ఉండాలి. మా క్లాసులో ఒక్క పిల్లకీ ఆ సంగతి తెలియదు.

మరి నేర్చుకునేది ఎక్కడ? ప్రభుత్వాసుపత్రుల్లోనే మొదలుపెట్టండి. మన జిల్లాల్లో నయంకాని జబ్బుల్లో నొప్పి, బాధ తగ్గించే పాలియేటివ్ కేర్ కేంద్రాలున్నాయి, ఆలన వాహనాల్లో నర్సులు ఇళ్లకు వెళ్లి మంచంపట్టినవాళ్లని చూస్తున్నారు. ఆ బండిలో ఒక అప్రెంటిస్‌ని ఎక్కించండి. ఆరు నెలలు వార్డులో, ఆరు నెలలు ఇళ్లలో, ఎప్పుడూ ఒక సీనియర్ వెంట. ఆ సీనియర్లు కూడా మన మధ్యే ఉన్నారు. ఏ సర్టిఫికెట్టూ లేకుండా పది పదిహేనేళ్లుగా ఈ పని చేస్తున్న ఆడవాళ్లు. వాళ్ల అనుభవానికి పరీక్ష పెట్టి గుర్తింపు ఇవ్వండి, నేర్పినందుకు నెలకింత ఇవ్వండి. అప్రెంటిస్ స్టైపెండ్ కన్నా ఆ డబ్బే ఈ పథకాన్ని నిలబెడుతుందని నా నమ్మకం.

బయటి దేశాలవాళ్లు ఈ పనిని ఎలా చూస్తారో మీ శాఖకి బాగా తెలుసు. మీ కిందే ఉన్న విదేశీ ఉద్యోగాల సంస్థ టామ్‌కామ్ జర్మనీకి, జపాన్‌కి మన పిల్లల్ని పంపిస్తోంది కదా. జర్మనీలో నర్సింగ్ కేర్ శిక్షణ మూడేళ్లు. కనీసం 2,100 గంటలు తరగతిలో, 2,500 గంటలు పనిలో. ఆ మూడేళ్లూ జీతం ఇస్తారు. ఇంగ్లండులో వృద్ధుల సంరక్షణలో చేరేవాళ్లకి అప్రెంటిస్‌షిప్ ఉంది, పనిచేస్తూ జీతం తీసుకుంటూ నేర్చుకుంటారు. కొత్తగా చేరినవాళ్లకి 2015 నుంచి కేర్ సర్టిఫికెట్ అని ఒకటి పెట్టారు. అక్కడి స్టాఫర్డ్ ఆస్పత్రిలో రోగుల్ని ఘోరంగా నిర్లక్ష్యం చేశారని బయటపడ్డాక, విచారణలు జరిగాక పెట్టింది అది.

ఇంగ్లండుని నేను నెత్తికెత్తుకోవడం లేదు. 2022 ఫిబ్రవరిలో కేర్ వర్కర్లకు వీసా తెరిచినప్పుడు మన పిల్లలు ఏజెంట్లకి లక్షలు పోసి వెళ్లారు. బీటెక్ చదివినవాళ్లు కూడా వెళ్లారు. అక్కడ కొందరికి చెప్పిన ఉద్యోగమే లేదు. 2025 జులై 22 నుంచి విదేశాల నుంచి కొత్తగా తీసుకోవడం ఆపేశారు. కానీ వెళ్లి పనిచేసిన ఒక కుర్రాడు నాతో ఫోన్లో అన్నమాట చెప్తాను: "ఆంటీ, ఇక్కడ ఒక ముసలాయన గదిలోకి వెళ్లాలంటే తలుపు కొట్టాలని మొదటిరోజే నేర్పారు." మన దగ్గర పనిచేసి ఉంటే అతనికి ఆ మాట ఎవరు చెప్పేవారు?

ఖర్చు సంగతి. ఏజెన్సీలకు బాధ్యత పెడితే రేటు పెరుగుతుంది, మధ్యతరగతి ఇంటికి అది బరువే. నిజమే. కానీ నడుము కింద పుండు ముదిరి, ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకి మళ్లీ ఐసీయూలో చేరితే ఆ ఇల్లు ఎంత కడుతుందో ఆస్పత్రి బిల్లులు చూసిన ఎవరినైనా అడగండి. ఆరోగ్యశ్రీ కింద చేరితే కట్టేది ప్రభుత్వమే.

మీ ప్రభుత్వం టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐటీఐలను ఏటీసీలుగా (అధునాతన సాంకేతిక కేంద్రాలుగా) మార్చే పని చేపట్టింది. రోబోలు, కంప్యూటర్‌తో నడిచే సీఎన్సీ యంత్రాలు వచ్చాయని పేపర్లో చదివి సంతోషించాను. ఆ భవనాల్లో ఒక గది ఈ పనికి ఇవ్వండి. రెండు ఆస్పత్రి మంచాలు, ఒక వీల్‌చైర్, మనిషిని ఎత్తకుండా జరపడానికి ఒక స్లైడ్ షీట్ చాలు మొదలుపెట్టడానికి. వచ్చే ఐటీఐ ప్రవేశాల ప్రకటనలో ఒక్క జిల్లాకైనా, 20 సీట్లకైనా ఈ అప్రెంటిస్‌షిప్ చేర్చగలరేమో చూడండి. పాఠ్యప్రణాళిక రాసే కమిటీ వేస్తే అందులో డాక్టర్లతో పాటు ఈ పని చేస్తున్న అటెండెంట్లను ఇద్దరినైనా కూర్చోబెట్టండి. నన్ను పిలిచినా వస్తాను, టీఏ డీఏలు అక్కర్లేదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ హెడ్ నర్సు,
హైదరాబాద్