కన్నీళ్ల ఫొటో సరే, ఫోన్ నంబరేది?

ఎడిటర్ గారికి నమస్కారం.

తల్లిని బస్టాండులో వదిలేసిన కొడుకు, తండ్రిని ఇంట్లోంచి గెంటేసిన కూతురు అంటూ మీ బెంగళూరు పేజీలో వార్తలు తరచూ వస్తుంటాయి, పక్కన ఆ పెద్దాయన కళ్లు తుడుచుకుంటున్న ఫొటో కూడా ఉంటుంది. చివరిదాకా చదివినా ఆయన ఇప్పుడు ఎవరి దగ్గరికి వెళ్లాలి, చట్టం ఏమంటోంది అన్నది ఒక్క ముక్క కనబడదు. నేను ఇక్కడే వృద్ధులకు సాయం చేసే ఒక స్వచ్ఛంద సంస్థలో పనిచేస్తున్నాను, అందుకే రాస్తున్నా.

మా దగ్గరికొచ్చే తెలుగువాళ్లలో అనంతపురం, చిత్తూరు, కడప వైపు నుంచి పిల్లల కోసం వచ్చి వైట్‌ఫీల్డ్, మారతహళ్లి ఫ్లాట్లలో ఉంటున్నవాళ్లే ఎక్కువ. కన్నడ రాదు. ఊళ్లో ఇల్లో పొలమో అప్పటికే పిల్లల పేర రాసిచ్చేసి ఉంటారు. గొడవలొచ్చాక "మేం ఇచ్చిందే కదమ్మా, వెనక్కి తీసుకోలేమా" అంటారు. ముందు దస్తావేజు చూపించమంటాం. సర్వే నంబర్లు, సరిహద్దులు, ప్రేమాభిమానాలతో ఇచ్చామన్న మాట అన్నీ ఉంటాయి గానీ మమ్మల్ని చూసుకోవాలి అన్న షరతు మాత్రం చాలావాటిలో ఉండదు.

అసలు చిక్కంతా అక్కడే. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ కోసం 2007లో వచ్చిన చట్టంలో 23వ సెక్షన్ ఉంది. బాగోగులు చూడాలన్న షరతుతో ఆస్తి రాసిచ్చాక తీసుకున్నవాళ్లు చూడకపోతే, ఆ రిజిస్ట్రేషన్ చెల్లదని ప్రకటించమని, ఈ చట్టం కింద వచ్చే కేసులు వినే ట్రిబ్యునల్‌ని అడగొచ్చు. షరతు ఉండాల్సిందేనని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరిలో ఇంకో కేసులో, ఇది పెద్దవాళ్ల మేలు కోసం వచ్చిన చట్టం కాబట్టి ఉదారంగా చూడాలంటూ, కొడుకు విడిగా రాసిచ్చిన హామీ పత్రాన్ని కూడా లెక్కలోకి తీసుకుని తల్లికి ఆస్తి తిరిగి ఇప్పించింది. అలాంటి కాగితం కూడా లేనివాళ్లకు ఏం చెప్పాలో మాకు తోచదు. షరతు రాయిస్తే కొడుకు నొచ్చుకుంటాడని భయపడతారు, అదే కొడుకు బ్యాంకులో లోను కోసం ఎన్ని కాగితాల మీద సంతకాలు పెట్టినా నొచ్చుకోడు కదా!

నెలనెలా ఖర్చులకు డబ్బు ఇప్పించమని అడగాలంటే సొంతూరికే పోనక్కర్లేదు, ఉంటున్న జిల్లాలోనే దరఖాస్తు పెట్టుకోవచ్చు. లేవలేని స్థితిలో ఉంటే వాళ్ల తరఫున మాలాంటి సంస్థ కూడా పెట్టొచ్చు. 90 రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉంది, అన్నిసార్లూ అలా జరగదనుకోండి. గరిష్ఠంగా నెలకు 10,000 అని ఆ 2007 చట్టంలో పెట్టారు, ఈ ఊళ్లో ఇవాళ ఆ డబ్బుకు ఇరవై నాలుగు గంటలూ కనిపెట్టుకుని ఉండే ఆయా దొరకదు.

నిజానికి చాలామంది కేసు వద్దనే అంటారు. "వాణ్ణి పిలిచి నాలుగు మాటలు చెప్పండి, చాలు" అంటారు. అలా కూర్చోబెట్టి రాజీ కుదిర్చే ఏర్పాటూ అదే చట్టంలో ఉంది, మా పనిలో సగం అదే. మాట్లాడిస్తే కొన్ని ఇళ్లలో సర్దుకుంటుంది కూడా, కానీ పరువు పోయాక ఎవరూ మాట్లాడటానికి రారు. ఒకావిడ ఫొటో, అపార్ట్‌మెంట్ పేరుతో సహా ఒక పేపర్లో వచ్చేసరికి చుట్టాలంతా ఫోన్లు చేసి, ఇంటి గుట్టు రోడ్డుకెక్కించావని తిట్టారు. ఆవిడ టెన్షన్ పడిపోయి ఫిర్యాదు వెనక్కి తీసేసుకుంది.

కాబట్టి ఇకమీదట ముఖాలు, ఇంటి గుర్తులు వేయకండి. ఆ జాగాలో బెంగళూరు ఎల్డర్స్ హెల్ప్‌లైన్ 1090, దేశమంతటికీ ఉన్న ఎల్డర్‌లైన్ 14567 వేయండి. ఆస్తి రాసిచ్చే ముందు షరతు రాయించుకోమని ఒక్క లైను కూడా కలపండి, పెద్ద అక్షరాల్లో అయితే మరీ మంచిది, మా వాళ్లలో చాలామందికి కళ్లజోడు పెట్టుకున్నా చిన్నవి కనబడవు.

ఇట్లు,
వృద్ధుల సేవా సంస్థ ఉద్యోగిని, బెంగళూరు