పిడుగు మెసేజులో పుప్పొడి మాట కూడా ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

దాళ్వా (రెండో పంట వరి) కోతల రోజుల్లో మా అయినవిల్లి మండలంలో ఫోన్లన్నీ ఒక్కసారి మోగాయంటే అందరి కళ్ళూ మబ్బు వైపే తిరుగుతాయి. పిడుగులు పడే అవకాశం ఉంది, చెట్ల కింద నిలబడవద్దు అని విపత్తుల నిర్వహణ సంస్థ పంపే మెసేజు అది. దానికి నేను చాలా విలువిస్తాను. పిడుగు పడి మొవ్వు మాడిన కొబ్బరి చెట్టు మా వీధి చివరే ఉంది. దింపు కార్మికుడు చెట్టు మీద ఉండగా ఉరుము వినిపిస్తే అతని ఇంట్లోవాళ్ళకు ఎంత టెన్షనో కోనసీమలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఆ మెసేజుకు ఇంకొక్క వాక్యం చేర్చమని అడగడానికే ఈ ఉత్తరం. ఉబ్బసం ఉన్నవాళ్ళకు, పూతల కాలంలో తుమ్ములతో, ముక్కు కారడంతో బాధపడేవాళ్ళకు ఒక హెచ్చరిక కావాలి.

నేను జూనియర్ కాలేజీలో బోటనీ చెప్పి రిటైరయ్యాను. నాకు చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. గాలివానలో మా బోటివాళ్ళను ఇబ్బంది పెట్టేది వానకు ముందు దూసుకొచ్చే చల్లగాలి. మబ్బులోంచి కిందికి దిగిన ఆ గాలి నేల మీద ఉన్నదంతా ఎగరేసుకుపోతుంది. ఈ రోజుల్లో నేల మీద ఏముంటుంది? కోత మిషను వదిలిన నూగు, కళ్ళాల దుమ్ము, కాలవ గట్ల మీద గరిక పుప్పొడి, రోడ్డు పక్కన వయ్యారిభామ. సముద్రం వైపు వెళితే సర్కారు తుమ్మ పూత. కొబ్బరి సంగతి సరేసరి, ఏడాది పొడుగునా పూస్తూనే ఉంటుంది. ఉగాది దాటాక తుమ్ములొస్తే చాలామంది వేపపూతను తిట్టుకుంటారు. నిజానికి వేప పుప్పొడిని మోసేవి ఎక్కువగా తేనెటీగలు. పుప్పొడిని ధారాళంగా గాలికి వదిలేది గడ్డి జాతి. గరిక పూసిందని ఎవరూ గమనించరు, దానికి రంగూ లేదు, వాసనా లేదు.

2016 నవంబర్ 21న ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ఏం జరిగిందో మన అధికారులు ఒకసారి చదవాలి. అక్కడ అది వసంతకాలం, రై గడ్డి పూత మీదుంది. సాయంత్రం గాలివాన వచ్చింది. గంటల్లోనే ఊపిరాడని జనంతో ఆసుపత్రులు నిండిపోయాయి, పదిమంది చనిపోయారు. బాధితుల్లో చాలామందికి అంతకుముందు ఉబ్బసం ఉన్నట్టే తెలియదు, పూతల కాలంలో తుమ్ములు వచ్చేవి, అంతే. మామూలుగా గడ్డి పుప్పొడి రేణువు పెద్దది, ముక్కులోనే ఆగిపోతుంది. తేమ తగిలితే అది ఉబ్బి పగులుతుంది. ఒక్క రేణువులోంచి వందల కొద్దీ సన్నటి కణాలు బయటపడి, ఊపిరితిత్తుల లోపలి దాకా వెళ్ళిపోతాయి. ఆ దెబ్బతో మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రం 2017 నుంచి గడ్డి పూసే నెలల్లో ఇలా గాలివానతో వచ్చే ఉరుముల ఉబ్బసం ముప్పు ఎంత ఉందో తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని ముందుగానే ప్రకటిస్తోంది.

మన దేశంలోనూ 2022లో చండీగఢ్‌కు పుప్పొడి క్యాలెండర్ తయారైంది. ఏ నెలలో ఏ చెట్టు, ఏ గడ్డి పుప్పొడి గాలిలో ఉంటుందో అందులో ఉంది. గోదావరి డెల్టాకు అలాంటిది ఎందుకు ఉండకూడదు? మార్టేరులో వరి పరిశోధనా కేంద్రం ఉంది, అంబాజీపేటలో కొబ్బరి మీద పరిశోధన జరుగుతోంది, రాజమహేంద్రవరంలో నన్నయ విశ్వవిద్యాలయం ఉంది. కొలిచే పద్ధతి అర్థంకానిదేమీ కాదు. గాలిని ఒకే వేగంతో పీల్చే చిన్న యంత్రం, లోపల జిగురు పూసిన టేపు. ఆ టేపును మైక్రోస్కోపు కింద పెట్టి రేణువులు లెక్కపెడతారు. పుప్పొడిని గుర్తుపట్టడం నేర్పితే మన డిగ్రీ పిల్లలు శుభ్రంగా చేస్తారు.

అందాకా మెసేజులో ఈ రెండు మాటలు చేర్చినా చాలు: 'ఉబ్బసం ఉన్నవాళ్ళు గాలి మొదలవకముందే ఇంట్లోకి వెళ్ళి కిటికీలు మూసుకోండి. డాక్టరు రాసిచ్చిన ఇన్హేలర్ దగ్గర పెట్టుకోండి.' బడి వదిలే వేళకు వచ్చే హెచ్చరిక అయితే టీచర్లకు మరీ అవసరం.

రైతుల సంగతి వేరు. మెసేజు ఇంట్లో ఉండమంటుంది, రైతు కళ్ళం మీదికి పరుగెడతాడు. ఆరబోసిన ధాన్యం తడిస్తే ధర పోతుంది కాబట్టి ఆయన్ని తప్పుపట్టలేం. మా మరిది బరకాలు కప్పి ఇంటికొచ్చి రాత్రంతా దగ్గుతాడు. మెరుపులు మొదలయ్యాక పరుగెత్తే అవసరం రాకుండా, మబ్బుపట్టే రోజుల్లో బరకాలూ తాళ్ళూ మధ్యాహ్నమే కళ్ళానికి చేరాలి. ముక్కుకు తడి తువ్వాలు కట్టుకోమని వ్యవసాయ సిబ్బంది ఊళ్ళో చెప్పాలి. ఫోను చూసుకోని ముసలివాళ్ళ కోసం గుడి మైకులో ఒకసారి చదివినా బాగుంటుంది.

మీకూ ఒక మనవి. వాతావరణం వార్త పక్కన 'ఈ వారం పూత' అని చిన్న పెట్టె వేయండి. ఈ చుట్టుపక్కల గట్ల మీద, తోటల్లో ఏం పూస్తోందో ప్రతి ఆదివారం చూసి రాసి పంపే పూచీ నాది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ బోటనీ లెక్చరర్,
అయినవిల్లి మండలం, కోనసీమ జిల్లా