టాపు లేని కారుకి ముందు అడుగుభాగం చూడాలి

సంపాదకుల వారికి నమస్కారం.

అమెరికాకి కొత్తగా వచ్చే పిల్లలు ఎలాంటి సెకండ్ హ్యాండ్ కారు కొనుక్కోవాలో చెబుతూ మొన్న మీ ఆదివారం సంచికలో వేసిన వ్యాసం చదివాను. క్యామ్రీ, కరోలా, అకార్డ్ తప్ప ఇంకోవైపు చూడొద్దన్నారు. రోజూ కాలేజీకో ఉద్యోగానికో తిరిగే బండి అయితే నేనూ అదే చెబుతాను, మా ఇంట్లో ఉన్నదీ క్యామ్రీనే. కానీ చివర్లో "పాత అమెరికన్ కన్వర్టిబుల్ కొనడమంటే డబ్బు తగలేసుకోవడమే" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. అక్కడే నాకు అభ్యంతరం. కన్వర్టిబుల్ అంటే పై గుడ్డ టాపుని మడిచి దించేయగలిగే కారు.

నేను డెట్రాయిట్ పక్కన ఒక ప్రెస్ షాపులో డైల మెయింటెనెన్స్ చూస్తాను. డైలంటే రేకుని కార్ల ఫ్లోర్లుగా, డోర్లుగా నొక్కే అచ్చులు. అంతకుముందు విజయవాడ ఆటోనగర్‌లో నాన్న టింకరింగ్ షెడ్డులో రేకులు కొడుతూ పెరిగాను. ఇప్పుడు నా గరాజ్‌లో 2003 ఫోర్డ్ మస్టాంగ్ కన్వర్టిబుల్ ఉంది. వీ-6 (ఆరు సిలిండర్ల ఇంజన్), ఆటోమేటిక్. టెన్నెస్సీ వెళ్లి 4,200 డాలర్లకి కొన్నాను. మే నుంచి అక్టోబర్ మొదటివారం దాకా తిరుగుతుంది, మిగతా కాలమంతా కవరు కప్పుకుని పడుకుంటుంది.

కొన్న కొత్తలో మనవాళ్ల దగ్గర పడ్డ మాటలు అన్నీ ఇన్నీ కావు. మనకి టాపు లేని బండి అంటే ఎన్నికల ప్రచారం జీపో, పెళ్లికొడుకు ఊరేగింపో. మా బావమరిది ఫోన్ చేసి, "ఏం బావా, ఏ పార్టీ టికెట్టు ఇచ్చింది?" అన్నాడు. అప్పుడు అమ్మ ఇక్కడే ఉంది. కారు చుట్టూ తిరిగి చూసి, "ఎండలో కూర్చోడానికి డబ్బులిచ్చావట్రా?" అంది. కృష్ణా జిల్లాలో పుట్టి పెరిగిన మనిషి ఆ మాట అనడంలో తప్పేం లేదు. ఎండ కనపడితే తలుపులు వేసుకునే ఊరు మాది. ఇక్కడ నవంబర్లో మబ్బు కమ్మితే మళ్లీ ఎండ మొహం ఎప్పుడు చూస్తామో తెలియదు. జూన్‌లో రాత్రి తొమ్మిది దాటినా వెలుతురు ఉంటుంది. ఆ వెలుతురులో హైన్స్ డ్రైవ్ అనే పార్కు రోడ్డు మీద చెట్ల మధ్య నలభై మైళ్ల స్పీడులో మెల్లగా పోతుంటే అమ్మే కొంగు తలకి చుట్టుకుని, "ఇంకాస్త దూరం పోనీ" అంది.

ఇంత తక్కువకి ఎలా వస్తాయని అడుగుతారు. జీటీ అనే వీ-8 మోడల్ కోసం కుర్రాళ్లూ, దాచుకునేవాళ్లూ ఎగబడతారు. వీ-6 ఆటోమేటిక్‌ని ఎవరూ దాచుకోరు. పైగా ఫ్లోరిడా, హవాయి లాంటి చోట్ల టూరిస్టులకి అద్దెకిచ్చే కంపెనీలు మస్టాంగ్, క్రైస్లర్ సీబ్రింగ్ కన్వర్టిబుల్స్‌ని పెద్దఎత్తున కొని, వాడి, అమ్మేసేవి. అందుకే సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లో వీటికి కొరత లేదు. ఇంతకీ అమెరికాలో ఈ టాపు లేని కార్లు ఒకప్పుడు పూర్తిగా ఆగిపోయాయని చాలామందికి తెలియదు. 1976 క్యాడిలాక్ ఎల్డొరాడోని ఆఖరి అమెరికన్ కన్వర్టిబుల్ అని చెప్పి అమ్మారు. కారు బోల్తా పడితే ఏంటన్న దాని మీద ప్రభుత్వం గట్టి రూల్స్ తెస్తుందని కంపెనీలు భయపడ్డాయి, ఏసీలు వచ్చాక జనానికీ మోజు తగ్గింది. మళ్లీ 1982లో క్రైస్లర్ లెబారన్ కన్వర్టిబుల్‌ని మార్కెట్లోకి తెచ్చింది అప్పటి ఆ కంపెనీ అధినేత లీ అయకోకా. 1964లో ఫోర్డ్‌లో ఉండగా మస్టాంగ్‌ని తెచ్చిందీ ఆయనే.

ఇక అసలు విషయం. కన్వర్టిబుల్ కొనబోయేవాళ్లు బానెట్ ఎత్తి ఇంజన్ చూస్తారు, మీటర్‌లో మైళ్లు చూస్తారు. వాటి సంగతి తర్వాత. ముందు కారు అడుగుభాగం చూడాలి. మామూలు కారులో పైకప్పు, దాన్ని మోసే స్తంభాలు, కింద ఫ్లోరు కలిసి బరువు పంచుకుంటాయి. కప్పు తీసేస్తే ఆ భారమంతా ఫ్లోరు మీదా, డోర్ల కింద ఇటూ అటూ పొడుగునా ఉండే రాకర్ ప్యానెళ్ల మీదా పడుతుంది. అందుకే కన్వర్టిబుల్స్‌కి కంపెనీవాళ్లే అడుగున అదనంగా బ్రేసులు, అంటే ఆసరా కడ్డీలు వేస్తారు. అయినా గతుకుల్లో డాష్‌బోర్డూ, వెనక చూసుకునే అద్దమూ కాస్త వణుకుతాయి, అది జబ్బు కాదు. రాకర్లు తుప్పు పట్టి ఉంటే మాత్రం ఆ కారు ఎంత చవగ్గా వచ్చినా దండగే. మిషిగన్, ఒహాయో రోడ్ల మీద చలికాలమంతా ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్లు రేకుల మడతల్లోకి చేరి లోపలినుంచి తినేస్తాయి. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది.

టెన్నెస్సీ కారు దొరకకముందు టొలీడోలో ఒక డీలర్ దగ్గర ఎర్ర మస్టాంగ్ చూశాను. ఫ్లోరిడా బండి అన్నాడు. పై గుడ్డ కొత్తది, టైర్లు కొత్తవి, లోపల మంచి సెంటు వాసన. నేను మోకాళ్ల మీద కూర్చుని డోరు కింద అంచు పొడుగునా వేలి కణుపుతో కొట్టుకుంటూ వెళ్లాను. నాన్న షెడ్డులో అదే మొదటి పని. మంచి రేకు టంగుమంటుంది, పుట్టీ మెత్తి రంగు కొట్టిన చోట దబ్బుమంటుంది. వెనక చక్రానికి జానెడు ముందు దబ్బుమంది. జేబులో మా ఫ్రిజ్ మీది తిరుపతి వెంకన్న అయస్కాంతం ఉంది. గుడ్డలో చుట్టి అక్కడ పెడితే స్వామివారు నిలవకుండా జారి నా చేతిలో పడ్డారు. డీలర్‌ని అడిగి అదే పక్కన జాకీ వేసి కాస్త లేపించాను. అప్పటిదాకా శుభ్రంగా పడిన డోరు ఇప్పుడు లాక్ దగ్గర ఒరుసుకుని పడలేదు. కారు మధ్యలో వంగుతోందన్నమాట. డీలర్ "పాత కార్లన్నీ అంతే" అన్నాడు. కావు. నా కారుకి ఇప్పుడు జాకీ వేసినా డోరు మామూలుగానే పడుతుంది.

అడుగు తర్వాత పై గుడ్డ. వెనక సీటు వెనకాల చిన్న హైడ్రాలిక్ పంపు ఉంటుంది, దాన్నుంచి రెండు పక్కలా ఉండే సిలిండర్లకి ఆయిల్ వెళ్లి టాపుని లేపుతాయి. ఇంజన్ ఆన్‌లో పెట్టి టాపు పూర్తిగా దించి ఎక్కించి చూడాలి. రెండు పక్కలా సమానంగా లేస్తోందా, పంపు మూలుగుతోందా, వెనక లోపలి తొడుగు (ట్రిమ్) మీద ఎర్ర ఆయిల్ మరకలున్నాయా? గుడ్డ చినిగితే మార్పించడానికి కూలితో కలిపి వెయ్యి డాలర్లు దాటుతుంది, ఆ మేరకు బేరం ఆడొచ్చు. అంతకంటే ముఖ్యం నీళ్లు. టాపు మడతపడే గుంటలో చేరిన వాన నీళ్లు బయటికి పోవడానికి గొట్టాలుంటాయి. ఆకులు, మట్టి చేరి అవి మూసుకుపోతే నీళ్లు లోపలికి దిగి కార్పెట్ కింద నిలుస్తాయి, ఫ్లోరు లోపలినుంచి తుప్పు పడుతుంది. వెనక సీటు ముందు కార్పెట్ మీద అరచెయ్యి గట్టిగా నొక్కి వాసన చూడండి. ముక్కిన వాసన వస్తే దణ్ణం పెట్టి వచ్చేయండి. నేను ఏటా మేలో గడ్డి కోసే మెషీన్‌లో వాడే ప్లాస్టిక్ తీగ పెట్టి ఆ గొట్టాలు శుభ్రం చేస్తాను, తిరునాళ్లలో అమ్మే చెవిలో గుబిలి తీసే పుల్ల లాంటి పని.

ఇంజన్ల గురించి రెండు ముక్కలు. 1994, 95 మస్టాంగ్ 3.8 లీటర్ల వీ-6కి హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) పోతుందని పేరు. 1999 నుంచి వచ్చిన కార్లు నయం. నలుగురూ సుఖంగా కూర్చోవాలంటే మాత్రం మస్టాంగ్ కంటే సీబ్రింగే మేలు. మస్టాంగ్‌లో వెనక కూర్చునేవాళ్లకి మోకాళ్లు గడ్డానికి తగులుతాయి. అయితే 2001 నుంచి 2006 దాకా వచ్చిన సీబ్రింగ్ కన్వర్టిబుల్‌లో 2.7 లీటర్ల వీ-6 ఉందేమో చూసుకోండి. దాని వాటర్ పంపు ఇంజన్ లోపల టైమింగ్ చైన్ తిప్పితే తిరుగుతుంది. అది కారిందంటే ఇంజన్ని చల్లబరిచే కూలెంట్ పోయి ఆయిల్‌లో కలుస్తుంది, ఇంజన్ గోవిందా. నాలుగు సిలిండర్ల 2.4 ఇంజన్ పెట్టినవీ ఉన్నాయి, పరిగెత్తవు గానీ బతికి ఉంటాయి.

కాగితాల దగ్గర మొహమాటపడొద్దు. టైటిల్ (యాజమాన్య పత్రం) మీద సాల్వేజ్ (బాగా దెబ్బతిన్నది), రీబిల్ట్ (అలాంటిదాన్ని బాగుచేసింది), ఫ్లడ్ (నీట మునిగింది) అని ఏమన్నా ఉందేమో చదవండి. తుఫాన్లలో మునిగిన కార్లు కడిగి తుడిచి వేరే రాష్ట్రాల్లో అమ్మేవాళ్లుంటారు. సీటు బెల్టుని చివరిదాకా లాగి చూడండి. ఎంత కడిగినా ఆ చుట్ట లోపల మట్టి చార మిగులుతుంది. మిషిగన్‌లో ఏటా కారు ఫిట్‌నెస్ తనిఖీలు లేవు, అంటే అవతలివాడు అమ్మే బండిని చూడాల్సింది మీరే. రిజిస్టర్ చేయించేటప్పుడు కొన్న ధర మీద 6 శాతం పన్ను కట్టాలి. కొనడానికి మంచి సమయం చలికాలం. మేలో ఎండ రాగానే ఇవే కార్ల రేట్లు ఎగబాకుతాయి.

మీ వ్యాసంలో ప్రమాదం సంగతి రాశారు, అది ఒప్పుకోవాల్సిందే. నా కారులో బోల్తా పడితే తలలు కాపాడే రోల్ బార్ లేదు, పక్క అద్దాల మీదుగా తెరలా విచ్చుకునే కర్టెన్ ఎయిర్ బ్యాగులు లేవు. అందుకే చిన్నపిల్లలతో ఫ్రీవే ఎక్కను, వానలో తియ్యను. కొత్తగా వచ్చిన కుర్రాడికి మొదటి కారుగా ఇది కొనమని చస్తే చెప్పను. మిషిగన్‌లో పాతికేళ్లలోపు పిల్లలకి ఇన్సూరెన్స్ ఎంత ఎక్కువవుతుందో అందరికీ తెలుసు. ఇది సొంత గరాజ్ ఉండి, ఇంట్లో ఇంకో మంచి కారు ఉండి, ఒక నాలుగైదు వేలు సరదాకి పక్కన పెట్టగలిగినవాళ్ల సంగతి. అలాంటివాళ్లు మన తెలుగువాళ్లలో ఈ చుట్టుపక్కల నోవై, ట్రాయ్, కాంటన్‌లో కావలసినంతమంది ఉన్నారు. వాళ్లలో కొందరు అరవై వేలు పెట్టి కొత్త ఎస్‌యూవీ కొంటారు, కొన్న మర్నాడే దాని విలువ ఎంత పడిపోయిందో ఎవరూ అడగరు. నా పాత బండి విలువ ఇక పడిపోవడానికి పెద్దగా ఏం మిగల్లేదు.

పూజ కూడా అయింది. నోవై వెంకటేశ్వరస్వామి గుడి దగ్గర చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించాను. పంతులుగారు బానెట్ మీద స్వస్తిక్ వేసి, అక్షతలు ఎక్కడ చల్లాలా అని ఒక క్షణం ఆగి, చివరికి నేరుగా సీట్లలోనే చల్లారు. ఆగస్టు మూడో శనివారం వుడ్‌వర్డ్ అవెన్యూ మీద డ్రీమ్ క్రూయిజ్ జరుగుతుంది, 1995 నుంచీ ఉన్నదే. ఫెర్న్‌డేల్ నుంచి పాంటియాక్ దాకా పాత కార్లు బారులు తీరతాయి. ఆ రోజు నా కారు పెద్ద లెక్కలోకి రాదు గానీ, ఒక పెద్దాయన విండ్‌షీల్డ్ మూల ఉండే వీఐఎన్ (కారు గుర్తింపు నంబర్)లో, ఏ ఫ్యాక్టరీలో తయారైందో చెప్పే పదకొండో అక్షరం చూసి, "ఎఫ్. డియర్‌బర్న్. మా ప్లాంటే" అన్నాడు. ఫోర్డ్ వాళ్ల ఆ డియర్‌బర్న్ ప్లాంటులో 1964 నుంచి 2004 దాకా మస్టాంగులు తయారయ్యాయి. ఆయన ఆ లైన్ మీద డోర్లు బిగించేవాడట. నా డోరు తెరిచి, రెండుసార్లు వేసి చూసి తలూపాడు.

చివరగా డాలస్, హ్యూస్టన్ వైపు ఉన్నవాళ్లకి ఒక మాట. అక్కడ జూలైలో టాపు దించితే మా అమ్మ అన్నదే నిజమవుతుంది. మీకు సీజను మార్చి, ఏప్రిల్, మళ్లీ అక్టోబర్ తర్వాత. మీ బండ్లకి ఉప్పు తుప్పు ఉండదు గానీ, ఎండకి వినైల్ టాపు పెళుసుబారి ఉంటుంది, డోరు చుట్టూ రబ్బర్లు గట్టిపడి పగులుతాయి. అక్కడినుంచి ఇటు తెప్పించుకునేవాళ్లు బేరం ముందే ఆ రబ్బర్లు గోటితో నొక్కి చూసుకోమనండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
కాంటన్, మిషిగన్