డాలస్ ప్రయాణానికి ముందు రాజేశానికి ఒక ఉత్తరం

హనుమకొండ

ప్రియమైన రాజేశానికి,

మొన్న ఫోన్‌లో నువ్వు చెప్పిన సంగతి విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. షాపువాడు నీకొక అడాప్టర్ అమ్మి, ఇదొక్కటి ఉంటే ఏ దేశంలోనైనా ఏ సామానైనా నడుస్తుందని నమ్మబలికాడనీ, ఆ ధైర్యంతో వదిన మిక్సీని కూడా పెట్టెలో సర్దేసిందనీ అన్నావు. ఆ పెట్టెకు తాళం పడకముందే ఈ ఉత్తరం నీకు చేరాలని కూర్చుని రాస్తున్నాను.

అడాప్టర్ చేసే పని ఒక్కటే. మన ప్లగ్గు పిన్నులు అక్కడి సాకెట్‌లో పట్టేటట్టు ఆకారాన్ని మారుస్తుంది, అంతే తప్ప కరెంటు జోలికి పోదు. మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టులు, 50 హెర్ట్జ్ (కరెంటు సెకనుకు ఎన్నిసార్లు అటూ ఇటూ ఊగుతుందో ఆ లెక్క). లండన్‌లోనూ అంతే కాబట్టి కూతురింట్లో ఉన్న పది రోజులూ నీకు పిన్నుల చిక్కు తప్ప వేరే చిక్కు లేదు. డాలస్‌లో కొడుకింటికి చేరాక మాత్రం 120 వోల్టులు, 60 హెర్ట్జ్. అసలు తంటా అక్కడ మొదలవుతుంది.

ఈ తేడా తెలియక నేను చేసిన ఘనకార్యం నీకు ఇంతవరకు చెప్పలేదు. అమెరికా నుంచి తిరిగి వచ్చేటప్పుడు, ఇద్దరికి సరిపోయే చిన్న రైస్ కుక్కర్ ముచ్చటగా ఉందని మోసుకొచ్చాను. అడాప్టర్ తగిలించి, బియ్యం నీళ్లు పోసి స్విచ్ వేస్తే, అన్నం ఇంత తొందరగా ఉడుకుతుందా అని ఆశ్చర్యపోయేలా నీళ్లు కుతకుతలాడాయి. ఆ సంబరం తీరకముందే అడుగు నుంచి ప్లాస్టిక్ కాలిన కమురు వాసన, లోపల టప్పుమని ఒక చప్పుడు, కరెంటును తనంతట తానే ఆపేసే ఎంసీబీ స్విచ్ పడిపోయి వంటింట్లో చీకటి. 120 వోల్టుల కోసం చేసిన హీటర్‌కు 230 ఇస్తే వేడి రెట్టింపు కాదు, మూడున్నర రెట్లకు పైగా పుడుతుంది. మీ చెల్లెలు ఆ నల్లబడ్డ గిన్నెను ఇప్పటికీ పారేయనివ్వదు, నేనేదైనా కొంటానన్నప్పుడల్లా తీసి చూపిస్తుంది.

నువ్వు పోయేది దానికి తిరగబడ్డ దారి. మన ఇస్త్రీపెట్టె, నీళ్లు కాచే కెటిల్ అక్కడ పెడితే కాలిపోవు కానీ, పావు వంతు వేడికి కాస్త ఎక్కువ ఇచ్చి ఊరుకుంటాయి. వదిన మిక్సీ తిరగడానికి తిరుగుతుంది కానీ, పల్లీల పొడి మాట దేవుడెరుగు, పచ్చడి కూడా మెత్తగా నలగదు. వోల్టేజీ పెంచే ట్రాన్స్‌ఫార్మర్ కొందామంటావేమో. 750 వాట్ల మిక్సీకి అంతకు మించిన సామర్థ్యం ఉన్నది కావాలి, అది ఇటుకరాయిలా కిలోల కొద్దీ బరువుంటుంది. అక్కడి ఇండియన్ దుకాణాల్లో మన జార్లతోనే అక్కడి కరెంటుకు సరిపడే మిక్సీలు దొరుకుతాయి. ఆ బరువుకు బదులు సకినాలు పట్టుకుపో, మనుమలైనా సంతోషిస్తారు.

మరి ఏది తీసుకుపోవచ్చో ఎట్లా తెలుస్తుందంటావా? ప్రతి సామాను అడుగునా, లేదా చార్జర్ వెనుకా, కళ్లజోడు పెట్టుకున్నా సరిగా ఆనని చిన్న అక్షరాలు ఉంటాయి. "ఇన్‌పుట్ 100–240" అని ఉంటే నిశ్చింతగా తీసుకుపో. ఫోన్, ల్యాప్‌టాప్, కెమెరా చార్జర్లు దాదాపు అన్నీ ఈ రకమే. 230 అనో, 220–240 అనో మాత్రమే ఉంటే అది లండన్ దాకానే.

నేను ముఖ్యంగా అడగదలచుకున్నది నువ్వు ఆయాసానికి మందు పీల్చే మిషను, అదే నీ నెబ్యులైజర్ గురించి. మన దగ్గర అమ్మే బల్లమీది రకాలు చాలా వరకు 230 వోల్టులకే చేసినవి. ఆయాసం వచ్చిన రాత్రి డాలస్‌లో అది సరిగా పంపు కొట్టకపోతే ఏం చేస్తావు? దాని అడుగున ఏం రాసి ఉందో ఈ రోజే చూడు. 230 మాత్రమే ఉంటే, యూఎస్‌బీ చార్జింగ్‌తో నడిచే చిన్నది ఇక్కడే కొనుక్కుని, మందు పట్టే తీరు డాక్టరును అడిగి ఇంట్లో నాలుగు రోజులు వాడి చూసి మరీ బయలుదేరు.

లండన్ ప్లగ్గుకు పలకల్లాంటి మూడు పిన్నులుంటాయి. మనం వాడే గుండ్రటి మూడు పిన్నులది ఒకప్పుడు వాళ్లదే. వాళ్లు 1947లో ఈ కొత్త రకానికి ప్రమాణం రాసుకుని మెల్లగా మారిపోయారు, మనం మాత్రం పాతదానితోనే ఉండిపోయాం. అక్కడి సాకెట్‌లో పొడవాటి ఎర్త్ పిన్ను దిగితేనే మిగతా రెండు రంధ్రాల మూతలు తెరుచుకుంటాయి. మన రెండు పిన్నుల చార్జర్‌ను పెన్ను మూత గుచ్చి దూర్చే పిల్లలను చూశాను, నువ్వు ఆ పని చేయకు. మామూలుగా అక్కడి స్నానాల గదుల్లో షేవర్‌కు తప్ప సాకెట్ ఉండదు, వెతుక్కోకు. డాలస్‌లో గోడ సాకెట్లకు స్విచ్చులే ఉండవు, పెట్టగానే కరెంటు వస్తుంది.

ల్యాప్‌టాప్‌కు అడాప్టర్ కూడా అక్కరలేదు. చార్జర్ డబ్బా నుంచి గోడకు పోయే వైరు ఊడి వస్తుంది కదా, ఆ వైరు ఒక్కటి అక్కడిది కొనుక్కుంటే ఎర్త్ కూడా సరిగా అందుతుంది. చవక అడాప్టర్లలో చాలావాటికి ఎర్త్ ఉత్త అలంకారమే.

పవర్ బ్యాంకును పెద్ద పెట్టెలో వేయకు, చేతిసంచిలోనే ఉండాలి. 100 వాట్ అవర్ల (బ్యాటరీలో ఎంత కరెంటు పడుతుందో చెప్పే కొలత) వరకు విమానాల వాళ్లు మామూలుగా అభ్యంతరం పెట్టరు. నీ పవర్ బ్యాంకు మీద 20,000 ఎంఏహెచ్ అని ఉన్నా, ఈ కొలతలో అది 74 వాట్ అవర్ల దగ్గర ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు.

నెబ్యులైజర్ అడుగు భాగం ఫొటో తీసి ఈ సాయంత్రమే వాట్సాప్‌లో పంపు. మిక్సీ సంగతి వదినకు నువ్వు చెప్పలేకపోతే నాకు ఫోన్ ఇవ్వు, నేనే మాట్లాడతాను.

ఇట్లు
నీ మిత్రుడు