నీ చేతిలో తప్పేం లేదమ్మా

రాత్రి పదకొండు దాటింది. మూడుసార్లు కడిగినా గోళ్ల సందుల్లో గ్రీజు పోలేదు. కళ్లు మూసుకుపోతున్నాయి గానీ ఇది రాయకుండా పడుకోలేను.

నా పాత రెండు సీట్ల స్పోర్ట్స్ కారు గేర్లు బిగుసుకుపోయి మూడు నెలలైంది. బండి ఆగి ఉన్నప్పుడు ఫస్ట్ పడదు, రివర్స్ వేస్తే గరగరమంటుంది. సర్వీస్ సెంటర్‌కి రెండుసార్లు తీసుకెళ్లాను. మొదటిసారి గేర్ ఆయిల్ మార్చి పంపించారు. రెండోసారి సింక్రో రింగులు (గేరు పడేముందు లోపలి చక్రాల వేగాలు కలిపే ఇత్తడి రింగులు) పోయాయి, గేర్‌బాక్స్ దించాలన్నారు. పైగా "ఈ గేర్లు అందరి చేతికీ లొంగవు మేడమ్" అని ఒక నవ్వు. ఆ మాట ఎంత పట్టుకుందంటే, గేర్ రాడ్ మీద చెయ్యి వేయాలంటేనే టెన్షన్.

ఈరోజు పార్కింగ్‌లో రివర్స్ పడక అవస్థ పడుతుంటే పక్క కారులోంచి ఒక పెద్దాయన దిగి వచ్చారు. క్లచ్ సరిగ్గా తొక్కమని క్లాసు పీకుతారనుకున్నా. "ఇంజిన్ వేడెక్కాక తగ్గుతుందా, ఎక్కువవుతుందా?" అని అడిగారు. ఎక్కువవుతుందన్నాను. "ఆపేసి వేసి చూడమ్మా." ఇంజిన్ ఆపితే అన్ని గేర్లూ, రివర్స్‌తో సహా, రెండు వేళ్లతో పడ్డాయి! మళ్లీ స్టార్ట్ చేసి, క్లచ్ గబగబా రెండు మూడుసార్లు తొక్కి వేయమన్నారు. అప్పుడూ పడింది.

"గేర్‌బాక్స్ బాగానే ఉంది. క్లచ్ దాన్ని ఇంజిన్ నుంచి పూర్తిగా విడదీయట్లేదు. లోపల షాఫ్ట్ తిరుగుతూనే ఉంటే సింక్రో మాత్రం ఏం చేస్తుంది? నీ చేతిలో తప్పేం లేదమ్మా."

అంతే, స్టీరింగ్ మీద తల పెట్టి ఏడ్చేశాను. ఆయన చూడనట్టే వెళ్లి బానెట్ ఎత్తారు.

క్లచ్ డబ్బాలో ఆయిల్ అడుగంటింది. ఆయన అట్టముక్క పరుచుకుని కారు కిందికి దూరారు. ఫోన్ లైటు నేను పట్టుకున్నా. పెడల్ తొక్కితే ఆయిల్ ఒత్తిడితో క్లచ్‌ని కదిలించే స్లేవ్ సిలిండర్ మీది రబ్బరు తొడుగును గోటితో వెనక్కి మడవగానే నల్లటి ఆయిల్ ఆయన వేలి మీదుగా మణికట్టు దాకా జారింది. "ఇదమ్మా నీ గేర్‌బాక్స్ జబ్బు."

కొత్త సిలిండర్ దొరికింది. రెండు బోల్టులు, ఒక పైపు, అంతే. పైపులో చేరిన ఎయిర్ తీయడానికే గంట పట్టింది. "తొక్కు... పట్టుకో... ఇక వదులు." గాలి వదిలే నిపిల్ దగ్గర ఆయిల్ మొదట నల్లగా, బుడగలు బుడగలుగా వచ్చింది, చివరికి తేటగా. మెత్తగా కుంగిపోయే పెడల్ నా పాదం కింద మెల్లమెల్లగా గట్టిపడింది. డబ్బులివ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకున్నారు.

రెండుసార్లలో ఒక్కరైనా ఆ తొడుగు మడిచి చూడలేదే! బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి మారుస్తారు. క్లచ్ పైపులో ఉన్నదీ అదే డాట్ 4 రకం ఆయిల్, అదీ తేమ పీలుస్తుంది. నా సర్వీస్ కార్డులో దాని ఊసే లేదు. పాత బిల్లు చూసి ఆయన ఇంకోటి పట్టుకున్నారు: మాన్యువల్‌లో గేర్ ఆయిల్ జీఎల్-4 రకం అని ఉంటే వీళ్లు జీఎల్-5 రకం పోశారు. అందులో గంధకపు అడిటివ్‌లు ఎక్కువ, ఇత్తడి సింక్రోలకు మంచిది కాదట. ఆదివారం అది తీసేసి 75డబ్ల్యూ-90 చిక్కదనం ఉన్న జీఎల్-4 పోయాలి. దాని డబ్బు ఎవరిస్తారు?

మా ఆయన, తమ్ముడు సాయంత్రమంతా ఫోన్‌లో నాతోనే ఉన్నారు. వాళ్లకు థాంక్స్ ఇంట్లో చెప్తాను.

అయ్యో, స్పేర్ పార్ట్స్ కౌంటర్ అబ్బాయిని మరిచాను. షట్టర్ సగం దించినవాడు మళ్లీ ఎత్తి సిలిండర్ ఇచ్చాడు, అతనికి థాంక్స్. పార్కింగ్‌లో ఆఖరి లైటు ఆపకుండా ఉంచిన సెక్యూరిటీ అన్నకి కూడా. ఆ అట్టముక్క కూడా ఆయనదే.

పెద్దాయన పేరు అడగడం మరిచిపోయాను. ఆయన పది నంబర్ రింగ్ స్పానర్ నా సీటు కింద ఉండిపోయింది. ఇది చదువుతుంటే చెప్పండి సార్, తెచ్చిస్తాను.