మక్తల్ మీసేవ కుర్చీలోంచి

మామా,

ఎట్లున్నావ్ రా? ఆధార్‌లో అడ్రస్ పట్నానికి మార్చుకోనా, ఊరిదే ఉంచుకోనా అని మొన్న ఫోన్‌లో అడిగావ్ కదా. అప్పుడు కౌంటర్ ముందు లైన్ ఉంది, సర్వర్ డౌన్, జనం నా మీద గరం. అందుకే "మళ్లా చెప్తా" అని పెట్టేశాను. కానీ ఆ రోజు నుంచి బొంబాయి, హైదరాబాద్ పోయొచ్చినవాళ్లు ఎవరు కనబడ్డా ఇదే ముచ్చట తీస్తున్నా. మన దిక్కు అట్లాంటివాళ్లకి కొదవా? సర్వర్ నిద్రపోయినప్పుడల్లా వాళ్లకి చాయ్, నాకు కాలక్షేపం.

ముందు మేస్త్రి తాత సంగతి. పింఛన్ పని మీద వచ్చాడు. వేలిముద్ర పడదే! ఒక్కో వేలూ పెట్టించా, తడిగుడ్డతో తుడిపించా, ఊహూఁ. "యాడ పడ్తది బిడ్డా, గీతలన్నీ బొంబాయి సిమెంటుకే పోయినయ్" అని నవ్వాడు. చివరికి కంటిపాప స్కాన్ చేస్తే పనయింది. మీసాలు రాకముందే గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్స్ తీసుకుని, రాయచూరులో రైలెక్కి పోయిన మనిషి. మొదట మట్టి పని, తర్వాత సెంట్రింగ్, ఆ తర్వాత గుంపుని తీసుకుపోయే మేస్త్రి తనే. బొంబాయిలో ఏమేం చూశావంటే, "చూసుడేంది, పొద్దుగాల నాకా మీద నిలబడుడు, ఎవడన్న పిలుస్తే పోవుడు" అన్నాడు. నాకా అంటే అక్కడి కూలీల అడ్డా. మరి సముద్రం? కడుతున్న బిల్డింగ్ మీంచి రోజూ కనబడేదట. ఒడ్డుకి మాత్రం, అవ్వ పోరు పడలేక ఒక్కసారి తీసుకుపోయాడట. ఆయనకి తెలిసిన ఇళ్లన్నీ తలుపులు బిగించకముందటివే. "తలుపు వెట్టినంక మనకేం పని? వాచ్‌మన్ గూడ రానియ్యడు." కోపం లేదు ఆ మాటలో, గజానికి రేటెంతో చెప్పినట్టు చెప్పాడు.

మన పాలమూరు వలస గురించి ఎక్కడ రాసినా ఎండిన చేను ఫోటో ఒకటి, నెత్తిన మూట పెట్టుకున్న ఆడమనిషి ఫోటో ఒకటి వేసి ముగించేస్తారు. నాకు ఒళ్లు మండుతుంది. బ్రిటిష్ కాలంలోనే మనోళ్లు పోయి బస్తీ కట్టుకున్న ఊరు రా బొంబాయి, కామాటిపుర కామాటీలంటే వాళ్లే. తాత చెప్తుంటే విను: ఏ నాకాలో ఏ పనికి పిలుస్తారు, ఏ రకం కాంట్రాక్టర్ శనివారం కూలి ఎగ్గొడతాడు, వానాకాలం పని బందైతే ఎవరి ఖోలీలో, అంటే గదిలో, తల దాచుకోవాలి. ఈ తెలివికి సర్టిఫికెట్ ఉంటే నా ప్రింటర్‌లోనే తీసి ఇచ్చేవాణ్ణి.

అన్నేళ్లున్నావ్ కదా, అడ్రస్ అక్కడికి మార్చుకోలేదా తాతా అన్నా.

"యాడిది రాపియ్యాలె? నాకాదా?" అన్నాడు.

ఇక రెండో మనిషి ఆయనకి పూర్తి ఉల్టా. బొంబాయిలో వర్లీ చాల్‌లో, అంటే వరస గదుల ఇళ్లలో, పుట్టి పెరిగి మక్తల్‌కి కోడలుగా వచ్చిన పిల్ల. తెలుగంతా మన యాసే, లెక్కలు మాత్రం హిందీలో పెడుతుంది. బొంబాయి అడ్రస్ తీసేసి మక్తల్‌ది వేయించుకోవడానికి వచ్చింది. నా కౌంటర్‌కి ఇట్లాంటి కేసు అరుదు! ఊరు ఎట్లుందమ్మా అంటే, మొగుడు బైక్ పార్క్ చేసి వచ్చేలోపు గబగబా చెప్పేసింది. "ఆడ నల్లా తెల్లారుజామున టైంకి వచ్చేదన్నా, లేచి డ్రమ్ములు నింపుకుంటే అయిపోయేది. ఈడ ఎప్పుడొస్తదో నల్లాకే తెల్వదు." మాల్‌లో బిల్లింగ్ కౌంటర్ పని చేసేదట. రాత్రి పదకొండుకి లోకల్‌లో, లేడీస్ డబ్బాలో, ఒక్కతే ఇంటికి వచ్చేది. "ఈడ పక్క సందుల దుకాణానికి పోతే, యాడికి పోతున్నవే అని నలుగురు అడుగుతరు." ప్రేమతోనే కదమ్మా అన్నా. "ప్రేమే అన్నా, కానీ రోజూనా?"

నాకు జవాబు దొరకలేదు. పల్లె అంటే చల్లగా, పట్నం అంటే రాతి గుండె అని మనం ఎంత మాట్లాడుకున్నాం రా డిగ్రీలో! ఈ పిల్ల ముందు అదంతా తేలిపోయింది. పోతూ పోతూ రాయచూరు రైలు టైం అడిగింది. 2023 అక్టోబర్‌లో జక్లేర్-కృష్ణా లైను మొదలై మనకీ రైలొచ్చింది కదా, పొద్దున పోయి సాయంత్రానికి తిరిగొచ్చే ఉద్యోగం రాయచూరులో దొరుకుతుందేమో అని ఆమె లెక్క. మొగుడికి ఇంకా చెప్పలేదట. నువ్వూ ఎవరికీ చెప్పకు.

మిగతావాళ్ల ముచ్చట్లు చిన్నవే. గచ్చిబౌలిలో నాలుగిళ్లలో వంట చేసే అక్క రేషన్ కార్డు పని మీద వచ్చింది. కార్డు ఈడ, సన్నబియ్యం మనిషికి ఆరు కిలోలు ఆడనే తీసుకుంటుంది, ఎక్కడైనా ఇస్తారు కదా ఇప్పుడు. ఆమె హైదరాబాద్ అంతా పనివాళ్ల లిఫ్ట్‌తో మొదలై వంటగదిలో అయిపోతుంది, ఆ ఇళ్లలో హాలు ఎట్లుంటుందో ఊడ్చే ఆమెని అడగాలట. ఇంకొకడు డెలివరీ పోరడు. 2025 డిసెంబర్‌లో సర్పంచ్ ఎన్నికలకి ఓటేయడానికి వచ్చాడు, బస్సు ఛార్జీ ఎవరిచ్చారో అడగకు. "పట్నంల నాకు ఫోన్ జేసేది కస్టమర్ ఒక్కడే అన్నా, అదీ లేటైనవని తిట్టనీకె. ఈడ క్యాండిడేటే ఫోన్ జేసి అన్నం తిన్నవా అనె!" అన్నాడు.

నీ సంగతికొస్తే, నా మాట విని ఆధార్ మార్చేసుకో. పిల్లల స్కూలు, గ్యాస్, బ్యాంకు, అన్నిటికీ సులువవుతుంది. ఓటు పోతుందని టెన్షన్ పడకు, ఆధార్ మార్చినంత మాత్రాన ఓటు మారదు, దానికి ఫారం 8 వేరే నింపాలి. అది నింపకు, కనీసం మీ నాయనకి చెప్పకుండా నింపకు. నా దగ్గరికి రావాల్సిన పని కూడా లేదు, ఆన్‌లైన్‌లో నువ్వే చేసుకోవచ్చు. కరెంటు బిల్లు ఓనర్ పేరు మీద ఉంటే పనికిరాదు, రెంట్ అగ్రిమెంట్ నీ పేరుతో ఉండాలి. అన్నిటికంటే ముందు ఆ పాత సిమ్ బతికే ఉందా చూడు. ఓటీపీ దానికే వస్తుంది, లేకపోతే అక్కడే ఏదైనా సెంటర్‌లో లైన్ కట్టాల్సి రావచ్చు. చెల్లెను అడిగానని చెప్పు.

నీ
మామ