యశ్‌పాల్ గురించి కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

రాకెట్ ఎగిరిన ప్రతిసారీ పేజీలకు పేజీలు రాస్తారు గానీ, ఆ ఉపగ్రహం ఊళ్లో మనిషికి ఎలా పనికొస్తుందని ఆలోచించిన యశ్‌పాల్ లాంటివాళ్ల గురించి ఎందుకు రాయరండీ? అంతరిక్షం నుంచి భూమి మీదికి వచ్చే కాస్మిక్ కిరణాల మీద పరిశోధన చేసిన ఆ శాస్త్రవేత్త, అహ్మదాబాద్ స్పేస్ అప్లికేషన్స్ సెంటర్ డైరెక్టర్‌గా ఉంటూ, 1975-76లో నాసా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 ఊళ్లకు బడి పాఠాలు, వ్యవసాయ కార్యక్రమాలు టీవీలో చేర్చిన ‘సైట్’ (ఉపగ్రహ టీవీ బోధన) ప్రయోగాన్ని ముందుండి నడిపించారు. అందులో మన తెలుగు ఊళ్లూ ఉన్నాయి!

తర్వాత విశ్వవిద్యాలయాల వ్యవహారాలు చూసే యూజీసీకి ఛైర్మన్ అయ్యారు. 1993లో బడిపిల్లల చదువు భారం మీద నివేదిక ఇచ్చిందీ ఆయన కమిటీయే. మా మనవరాలి బ్యాగ్ ఎత్తినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది.

ఆదివారం అనుబంధంలో ఒక్క పేజీ ఇవ్వండి. అప్పట్లో ఆ టీవీల ముందు కూర్చున్నవాళ్లను వెతికి మాట్లాడించండి.

- ఒక పాఠకురాలు